తనిఖీ కళ్ళద్దాలు

"పెట్టుకోను," అంది మెషినక్క.

ఆమె ముందు ఓనరు నిలబడి ఉన్నాడు. ఆయన చేతుల్లో కొత్త కళ్ళద్దాలు, చేతితొడుగులు, చెవిమూతలు, ఇనుము కోసే గ్రైండరుకు బిగించే గార్డు ఉన్నాయి. ఆమె ప్లగ్గు పీకి, గ్రైండరుకు అరిగిపోయిన డిస్కు మారుస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"తల్లీ, ఇన్‌స్పెక్టరు వీధి మలుపు దాకా వచ్చాడట. గబగబా పెట్టేసుకో."

"రానీ బాబాయ్. రోజూ ఎలా కోస్తానో ఇవాళా అలాగే కోస్తాను. ఆయన చూడ్డానికొచ్చేది అదేగా?"

గేట్లూ, కిటికీ చట్రాలూ చేసే షెడ్డు అది. ఓనరు ఆమెకు సొంత బాబాయే. కానీ బీరువా దగ్గర చుట్టరికం చెల్లదు. తనిఖీ ఉందంటే గార్డులూ, కళ్ళద్దాలూ అందులోంచి బయటికి వస్తాయి. ఇన్‌స్పెక్టరు వీపు తిప్పగానే వాటిని శుభ్రంగా తుడిపించి, లోపల పెట్టి తాళం వేసేస్తాడు. అడిగితే, "రోజూ వాడితే పాడైపోవూ?" అంటాడు. అలా అనేటప్పుడు ఆయన మొహంలో మోసం కనబడదు. తనంత జాగ్రత్తపరుడు లేడనే నిజంగా ఆయన నమ్మకం. మనుషుల కళ్ళు బజార్లో దొరుకుతాయి కాబోలు!

నిన్న డిస్కు పగిలి, ఒక ముక్క మెషినక్క చెంప చీరుకుంటూ పోయింది. ఆ చెంప మీద ఇవాళ ప్లాస్టరు ఉంది. కాస్త పైన తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. ఆమెకు ఒళ్ళు మండింది గాయానికి కాదు, అందుకు.

మిగతావాళ్ళు అప్పుడే అన్నీ తగిలించుకున్నారు. వెల్డరు కళ్ళద్దాలకు ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. డ్రిల్లు దగ్గర ఉండే పెద్దాయన తొడుగులు వేసుకుని చేతులు మురిపెంగా చూసుకుంటున్నాడు.

"మామా, డ్రిల్లు దగ్గర తొడుగులేంటి? తీసెయ్!" అని అరిచింది మెషినక్క. "బిట్టుకి చుట్టుకున్నాయంటే చెయ్యి మెలిపెట్టేస్తుంది."

"అవునా? ప్రతి తనిఖీకీ ఇవే వేసుకుంటున్నానే!"

"తనిఖీ రోజు నువ్వు డ్రిల్లు తిప్పవు. అందుకే బతికిపోయావు."

పెద్దాయన వాటిని పాము పిల్లల్లా విదిలించుకున్నాడు.

వెల్డరు దగ్గరికొచ్చి బతిమాలాడు. "అక్కా, ఈ ఒక్కపూటకీ సర్దుకుపో. షెడ్డు మూయిస్తే మా అందరి పొట్టలూ కొట్టినట్టే."

"రేపు నా కన్ను పోతే నీది ఇస్తావా తమ్ముడూ?"

వెల్డరు ధర చీటీని చెవి వెనక్కి దోపుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఓనరుకు కోపం నషాళానికెక్కింది. "పెట్టుకుంటే పెట్టుకో. లేదంటే రేపట్నుంచి పనిలోకి రాకు!"

"రాను. ఇవాళ మాత్రం ఎక్కడికీ కదలను. ఆయన ఎదురుగానే కోస్తా."

ఆ మాటతో ఆయన కోపం కాస్తా నీరుగారిపోయింది. "అసలు నీకేం కావాలే?"

"బీరువా తాళం. కప్పా, చెవీ రెండూ. గార్డు రోజూ మెషినుకే ఉండాలి. అద్దాలు రోజూ మా మొహాలకే ఉండాలి."

బయట బండి ఆగిన చప్పుడైంది. ఓనరు జేబులోంచి తాళం కప్పా, చెవీ తీసి ఆమె చేతిలో కుక్కాడు. "తీసుకో, తీసుకో! నీ మీద ఒట్టు, మళ్ళీ అడగను."

"నా మీదెందుకు, నీ బీరువా మీద వెయ్యి."

"సరే, బీరువా మీద ఒట్టు! ఇక కానియ్!"

అప్పుడు కదిలింది మెషినక్క. ప్లగ్గు బయటే ఉందని మరోసారి చూసుకుంది. గార్డు బిగించింది. పక్కపిడి బిగించింది. డిస్కును చేత్తో తిప్పి, దేనికీ రాసుకోవడం లేదని నమ్మకం కుదిరాక కళ్ళద్దాలు పెట్టుకుంది. చెవులకు మూతలు, చేతులకు తొడుగులు వేసుకుంది. ఆ తరువాతే ప్లగ్గు పెట్టింది.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి లోపలికి వచ్చాడు. ఓనరు రెండు చేతులూ జోడించి ఎదురెళ్ళాడు.

"రండి సార్! చూడండి, మా దగ్గర అన్నీ పద్ధతి ప్రకారమే."

"బాగుందండీ. మరి మా ఇంటి గేటు ఎంతవరకొచ్చింది?"

"గేటా? మీరు ఇన్‌స్పెక్టరు గారు కాదా?"

"నేనా? డ్రాయింగు మాస్టార్నండీ!"

ఓనరు గుండెల మీంచి బండ దిగిపోయింది. గేటు వారంలో అయిపోతుందని చెప్పి ఆయన్ని సాగనంపి, చప్పట్లు కొట్టాడు.

"తీసెయ్యండి, అన్నీ తీసెయ్యండి! తుడిచి ఇలా పట్రండి!"

అందరూ తీశారు. వెల్డరు తన అద్దాలను చొక్కా అంచుతో తుడవడం కూడా మొదలుపెట్టాడు.

మెషినక్క మాత్రం అటు తిరిగి, కోసే ముక్కను బిగించి పట్టే వైసు మీదికి వంగి ఉంది. గ్రైండరు కీచుమని అరుస్తోంది. నిప్పురవ్వలు గార్డుకు తగిలి బుద్ధిగా నేలవైపు రాలిపోతున్నాయి.

"అమ్మాయ్! తాళం ఇటివ్వు!" అని అరిచాడు ఓనరు.

ఆమె గ్రైండరును ఇంకాస్త కిందికి నొక్కింది.

"ఒట్టు ఇన్‌స్పెక్టరు కోసం వేశానే, గేటు మాస్టారి కోసం కాదు!"

ఆ అరుపుకీ ఆమె తిరగలేదు. మెషిను నడుస్తుంటే వెనకనుంచి చెయ్యి వెయ్యకూడదని ఆయనకూ తెలుసు. గేటు చువ్వేదో కోస్తోంది, అయ్యాక లాక్కుందామని పళ్ళు నూరుకుంటూ ఆగాడు.

గ్రైండరు ఆగింది. డిస్కు తిరగడం పూర్తిగా మానేదాకా మెషినక్క దాన్ని చేతుల్లోనే పట్టుకుంది. ప్లగ్గు పీకింది. చెవిమూతలు తీసి, తాపీగా ఇటు తిరిగింది.

"ఏంటి బాబాయ్, పిలిచావా?"

"తాళం ఇవ్వమన్నాను!"

"తీసుకో," అంటూ ఆమె వైసు వదులు చేయగానే, రెండు ముక్కలైన బీరువా తాళం కప్ప ఠంగుమంటూ ఆయన కాళ్ళ ముందు పడింది.