సేపలు ఎవులు తియ్యాల?

"ఆ మార్పు వెనక్కి తీసుకో అనితా. లేదంటే కెర్నెల్ పనిలోంచి నిన్ను తప్పిస్తాను," అన్నాడు విశ్వనాథ్, లాప్‌టాప్ తెర మీంచి. బెంగుళూరులో కూకుని టీమ్‌ని నడిపేది ఆయనే.

"తియ్యను సార్," అన్నాది అనిత. కళింగపట్నంలో అత్తోరింటి రేకుల వసారాలో ఉన్నాది.

గొడవ సూస్తే సిన్నదే. కంప్యూటర్‌ని లోపల్నించి నడిపించే కెర్నెల్, తరవాత సేద్దారిలే అనుకున్న పనుల్ని ఓ క్యూలో పడేస్తాది. ఆ పని ఇచ్చిన సీపీయూనే సెయ్యాలా, పక్కనున్న సీపీయూల్లో ఖాళీగా ఉన్నది ఏదైనా సెయ్యొచ్చా? కోడ్‌లో ఏటీ రాయకపోతే ఇచ్చినదాని నెత్తి మీదే పడతాది. పక్కది గోళ్ళు గిల్లుకుంటా కూకున్నా సరే! రెండిట్లో ఏదో ఒకటి రాసి తీరాలని అనిత పట్టు. ఆమె సేసిన మార్పు అదే.

"రాసినా పని నడిచే తీరు మారదు కదా? అందరికీ తెలిసిందే మళ్ళీ రాయడం దేనికి?"

"తెలిసిందే అయితే రాయడానికి సిగ్గేటి సార్?"

"మాట పెరుగుతోంది అనితా!"

"పెరగనీండి. నాను తగ్గను. తప్పిస్తే తప్పించుకోండి."

అంతలో పెరట్లోంచి అత్త కూర్మమ్మ కేకేసింది. "ఒరే, వానొస్తన్నాది! ఎండేసిన సేపలు తీయండర్రా!"

అనిత కదల్లేదు. ఎనకాల మంచం మీద మొగుడు హరిబాబు ఫోన్లోంచి తలెత్తలేదు. మావ ఎల్లాజీ ఎక్కడికి పోనాడో అయిపూ జాడా లేదు. రేకుల మీద డబడబా మోత మొదలయ్యింది.

నీళ్ళోడుతున్న గంపతో కూర్మమ్మ లోనికొచ్చి పడింది. "నెత్తళ్ళ సేపలన్నీ నానిపోనాయి! ఒక్కులైనా లెగలేదేటి?"

"ఆయన తీస్తాడనుకున్నాను," అన్నాది అనిత.

"నాకు సెప్పినావేటమ్మా? దానికి సెప్పినావనుకున్నాను," అన్నాడు హరిబాబు.

కూర్మమ్మ గంప తీసుకెళ్ళి తెర ముందర పెట్టింది. "బాబూ, సదువుకున్నోడివి. నువ్వే సెప్పు. తప్పు ఎవులిది?"

విశ్వనాథ్ ఇబ్బందిగా నవ్వినాడు. "ఏమనుకోకండమ్మా, తప్పు మీదే. ఎవరు తియ్యాలో పేరు పెట్టి చెప్పాలి కదా?"

"ఇంట్లో అందరికీ తెలిసిందే కదా బాబూ, మళ్ళీ సెప్పడం దేనికి?"

"తెలిసిందే అని వదిలేస్తే ఇలాగే..."

అనిత రెప్ప ఎయ్యకుండా సూస్తన్నాది. ఆయన కళ్ళజోడు తీసి తుడిసినాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరే. ఆ మార్పు ఉంచు. పైవాళ్ళకి నేనే చెప్తాను," అని కాల్ కట్టేసినాడు.

బయట మండుటెండలో నిచ్చెనెక్కి, పైపుతో రేకుల మీద నీళ్ళు కొడతన్న ఎల్లాజీ కేకేసినాడు. "ఒసే కోడలా, ఒప్పుకున్నాడా? వాన ఆపీమంటావా, ఇంకాసేపు కురిపించమంటావా?"