ఫోటోకి ఒక మనిషి

"బతికున్నవాడి ఫోటోకి దండేంటయ్యా? మా ఆవిడకి తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

వీర్రాజు గారు సంచి భుజాన వేసుకుని పంజాగుట్ట మెట్రో వైపు నడిచారు. వంశీకృష్ణ వెంటపడి బతిమాలినా ఆగలేదు.

నిన్నటిదాకా తన ఫోటో వాడుకోమన్న మనిషే. చామంతి దండ కంటబడేసరికి గుండె జారింది.

వంశీకృష్ణ భీమవరం నుంచి కంప్యూటర్ కోర్సు నేర్చుకోడానికి అమీర్‌పేట వచ్చాడు. కోర్సు అటకెక్కింది. హాస్టల్ మంచం మీద కథలు పుట్టాయి. శ్రీనగర్ కాలనీలో అతను ఎక్కని సినిమా ఆఫీసు మెట్టు లేదు. వినే నాథుడు దొరక్క, నా కథ నేనే తీసుకుంటానని స్నేహితుల్ని పోగేసి ఈ పొట్టి సినిమాకి దిగాడు.

ఇవాళ అసలు సీను. పోయిన తండ్రి ఫోటోతో కూతురు మాట్లాడాలి. పంజాగుట్ట సందులో ఈ పాత ఇల్లు సాయంత్రం దాకే ఇచ్చారు. రేపు ఇందులో కొత్తగా అద్దెకొచ్చేవాళ్లు దిగుతారు. ఈపూట సీను రాకపోతే సినిమా లేనట్టే.

"నెట్‌లోంచి ఏదో ఒక ఫోటో లాగుదామా?" అన్నాడు కెమెరా పట్టిన భార్గవ్.

"రేపు వాళ్ల మనవడొచ్చి నా కాలర్ పట్టుకుంటే?"

పక్కింటాయన్ని అడిగితే తలుపేసుకున్నాడు. టీ కొట్టాయన రెండు చేతులూ జోడించాడు.

అప్పుడొచ్చాడు పెద్దాయన. మాసిన గడ్డం, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు. పొద్దున్నుంచీ టీ కొట్టు చాటున నిలబడి షూటింగు చూస్తున్నవాడే.

"ఫోటో దొరకకుంటే ఏమైతది బిడ్డా?"

"ఏమవుద్ది, అందరం మూటాముల్లె సర్దుకోడమే."

"అందరి కష్టం సుత పోతదా?"

"పోదా మరి."

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గట్లయితే నాది తీస్కో."

"దండ వేస్తాం. బొట్టు పెడతాం. తెలుసుగా?"

"ఎయ్యి. నాకేం ఫికర్ లేదు. సీను తీసేటప్పుడు జర మూలకు నిలవడి చూస్త. గంతే."

"అలాగే, మీ ఇష్టం" అన్నాడు వంశీ. ఆ క్షణాన సినిమాలో సగం రాసిమ్మన్నా ఇచ్చేసేవాడే.

ఫోన్లో ఫోటో తీశారు. సందు మొదట్లో స్టూడియోవాడి చేత పెద్దది చేయించారు. ఫ్రేములో బిగించి, బొట్టు పెట్టి, దండ వేశారు.

కూతురు వేషం వేస్తున్న మంజూష లోపలి గదిలో తయారవుతోంది. ఆమెకి ఫోటో ముందే చూపించొద్దన్నాడు వంశీ. కెమెరా ముందే మొదటిసారి చూస్తే మొహంలో నిజం పలుకుతుందని అతగాడి నమ్మకం.

అంతా సిద్ధమయ్యాక భార్గవ్ గొణిగాడు. "వంశీ, ఆ పెద్దాయన సరిగ్గా ఆమె చూపుకి ఎదురుగా ఉన్నాడు. కళ్లు అటే పోతాయి."

"పెద్దాయనా, మీరు బయటికెళ్లండి."

"నిలవడుమన్నవ్ గద బిడ్డా. సప్పుడు చెయ్య."

"ఫోటో ఇచ్చారని నెత్తినెక్కించుకోవాలా? వచ్చినవాళ్లంతా నిలబడి చూడ్డానికి ఇదేమన్నా తిరనాళ్లా?"

అందరూ నవ్వారు.

పెద్దాయన కోపం తెచ్చుకోలేదు. గోడ మీద కాస్త ఒరిగి ఉన్న తన ఫోటోని సరిచేశాడు. లోపలి గది వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇంత టీ తాగి వెళ్లమన్నవాడు లేడు.

"యాక్షన్."

మంజూష వచ్చింది. ఫోటో చూసింది. అక్కడే ఆగిపోయింది.

వంశీ రాత్రులు మేలుకుని చెక్కిన డైలాగుల్లో ఒక్క ముక్క ఆమె నోట రాలేదు. గోడ దగ్గరికి వెళ్లి, మునివేళ్ల మీద లేచి దండ తీసేసింది. కొంగుతో బొట్టు తుడిచేసింది.

"కట్. దండెందుకు తీశారండీ? స్క్రిప్టులో లేదుగా. వేసేయండి, ఇంకో టేక్ చేద్దాం."

"నేను వెయ్య."

"మంజూష గారూ, అది ఉత్తుత్తి దండ. ఆ మనిషి గుండ్రాయిలా ఉన్నాడు."

"ఏడున్నడు?"

ఆ గొంతు విని వంశీ తడబడ్డాడు. "ఇందాకే... పంపించేశాను."

"ఏమని పంపిండ్రు?"

ఇందాక నవ్వినవాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. మూల నిలబడి చూడమని మాటిచ్చింది వంశీయే, తిరనాళ్లా అని తరిమిందీ వంశీయే.

ఒక్క పరుగున సందు చివరికి వెళ్లాడు. పంజాగుట్ట రోడ్డు నిండా బస్సులు, ఆటోలు, జనం. పెద్దాయన్ని కేకేసి పిలుద్దామంటే పేరు తెలియదు. అవసరం తీరేదాకా అతని మొహం చూశాడే గాని, పేరేంటని అడిగిన పాపాన పోలేదు.

తలొంచుకుని తిరిగొచ్చాడు.

"దొరకలేదండీ. టైటిల్స్‌లో కృతజ్ఞతలు చెబుదామన్నా పేరు కూడా అడగలేదు. తప్పు నాదే."

మంజూష ఫోటో కింద నేల మీద కూర్చుని ఉంది. దండ ఆమె ఒళ్లో ఉంది.

"నర్సింహులు అని రాయుండ్రి" అంది తలెత్తకుండా. "సినిమాలకు పోతే నేను సచ్చిననుకో అన్నడు సార్, మా బాపు."