తుమ్ము రాని గోడౌన్

నల్లపాడు రోడ్డులో ఆ మిర్చి గోడౌన్ ముందు కరుణాకర్ స్కూటర్ ఆపగానే ఖాకీ చొక్కా వాచ్‌మన్ లేచి గేటు తీశాడు.

"ఓనర్ గారున్నారా?"

"మేనేజరు గారున్నారండి."

కొత్తగా ఖాతా తెరిచిన వ్యాపారి నిజంగా ఉన్నాడా, చెప్పిన వ్యాపారమే చేస్తున్నాడా అని చూసి రాయడం బ్యాంకులో కరుణాకర్ పని. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాడు. ఫైలు మాత్రం డిక్కీలోంచి బయటికి రాదు. కాగితాలతో పనిలేదు, మొహం చూస్తే మనిషి ఎలాంటివాడో చెప్పేస్తానంటాడు. ఆ మాట బ్రాంచిలో అందరూ నమ్మారు. అందరికంటే ముందు అతనే నమ్మాడు.

లోపల ఏసీ గదిలో మేనేజరు కోటేష్ కొబ్బరినీళ్లు తెప్పించాడు. ఓనర్ గారు మిర్చి యార్డుకి వెళ్లారన్నాడు. అద్దంలోంచి వరుసగా పేర్చిన మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, చూపించాడు.

కోటేష్ మొహం కరుణాకర్‌కి నచ్చింది. రిపోర్టు ఫారం తీసి, 'యజమానిని స్వయంగా కలిసి మాట్లాడాను' అని రాసి సంతకం పెట్టేశాడు.

తిరిగి వస్తుంటే వాచ్‌మన్ గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"మీకు తుమ్ము రాలేదేంటండి?"

"గుంటూరులో పుట్టినవాణ్ణయ్యా. మిర్చి నన్నేం చేస్తుంది?"

వాచ్‌మన్ ఏదో చెప్పబోయి ఆగి, తన సంగతికొచ్చాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు పీఎఫ్ కోసమని ఆధార్ తీసుకున్నారట. ఏవో కాగితాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నారట. ఆర్నెల్లయినా ఆధార్ తిరిగివ్వలేదు.

"మీరు బ్యాంకువారు కదండి. అదెందుకో కాస్త కనుక్కుని చెబుతారా?"

ఇది లోను అడిగే మొహమని కరుణాకర్ తేల్చేశాడు. చూద్దాంలే అని స్కూటర్ స్టార్ట్ చేశాడు. పేరు కూడా అడగలేదు.

నాలుగు నెలల్లో ఆ ఖాతాలోంచి తొమ్మిది కోట్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోయాయి. అంతా ఆన్‌లైన్ మోసాల్లో జనం పోగొట్టుకున్న డబ్బు. పోలీసులు గోడౌన్ తాళం పగలగొడితే టిక్కీల నిండా ఊక ఉంది. కోటేష్ ఫోను స్విచాఫ్. యజమాని మాత్రం దర్శిలో, తన ఇంట్లోనే దొరికాడు.

బ్యాంకు తరఫున ఆయన్ని కలిసింది మీరే కాబట్టి వెళ్లి గుర్తుపట్టమని బ్రాంచి మేనేజరు కౌసర్ కరుణాకర్‌ని స్టేషనుకి పంపింది. ఎన్నడూ చూడని మనిషిని గుర్తుపట్టాలి. అయినా కరుణాకర్ బెదరలేదు. కోట్లు తిప్పినవాడి మొహం తెలిసిపోదా అనుకున్నాడు.

స్టేషన్లో బల్లమీద ఖాకీ చొక్కా మనిషి ఒక్కడే కూర్చున్నాడు. కరుణాకర్‌ని చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు నిలబడ్డాడు.

"ఈ సారుకి నేను అప్పుడే చెప్పుకున్నానండి," అన్నాడు ఎస్సైతో.

ఎస్సై బ్యాంకు ఖాతా ఫైలు తెరిచి యజమాని ఫోటో మీద వేలు పెట్టాడు. కరుణాకర్ ఫోటోనీ, ఎదురుగా నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

కలిసి మాట్లాడానని ఆ రోజు అబద్ధం రాశాననుకున్నాడు గానీ, గేటు దగ్గర తనతో మాట్లాడిన ఆ వాచ్‌మన్ జయరావే కాగితాల మీద యజమాని.