నాలుగో ఫౌల్

బాస్కెట్‌బాల్ ఆట సగమయ్యాక సీనియర్ రెఫరీ నన్ను మా రెఫరీల గదిలోకి లాగి గడియ పెట్టాడు. బయట ఆతిథ్య కాలేజీ పిల్లలు తలుపు బాదుతూ నాకు జేజేలు కొడుతున్నారు.

"అల్లుడి మర్యాదలేరా నీకు! బయటి జట్టు పొడుగు పిల్లకి నాలుగు ఫౌళ్లు ఇచ్చావు. ఇంకొకటిస్తే ఆమె ఇంటికే."

"తప్పు చేసింది కాబట్టే ఇచ్చానన్నా. నాకెవరి పక్షమూ లేదు, ఒట్టు."

"నీ నిజాయితీ నాకు తెలుసులే. నాలుగోసారి ఆమె చెయ్యి తగలడం చూశావా?"

"హాలంతా ఫౌల్ అని అరిచిందిగా!"

"నేనడిగింది నీ కళ్ల సంగతి."

గుర్తుచేసుకున్నాను. నాకు ఆమె వీపు ఒక్కటే కనిపించింది.

గడియ తీసి కోర్టులోకి నడిచాను.

రెండో సగంలో ఆమె బంతి కోసం ఎగరగానే హాలు మళ్లీ అరిచింది. చెయ్యి తగిలిందో లేదో నేను చూడలేదు. అయినా ఈల మోగింది. ఊదింది నేనే.