దేవత ముక్కు

మా అమ్మ దృష్టిలో నేను భక్తిలేని మొద్దుని. దేవుడే డాక్టరుచేత చక్కని ముక్కు ఇప్పిస్తానంటే కాదంటున్నానట!

పాత బొమ్మలు బాగుచేయడం నా ఉద్యోగం. గుడి గోడమీది దేవతకు ముక్కు విరిగితే మొన్న నేనే కొత్తది మలిచాను. అమ్మ చూసి కళ్ళనీళ్ళతో దణ్ణం పెట్టింది.

“ఎంత కళగా ఉందే తల్లీ! నీకూ అచ్చం ఇదే పెట్టిద్దాం.”

ఫోటో తీసి, నన్ను క్లినిక్కుకు లాక్కెళ్ళింది.

డాక్టరు ఫోటో చూశాడు. నన్ను పక్కకు తిప్పి చూశాడు. స్కేలు పెట్టి కొలిచాడు కూడా.

“ఇది మీ అమ్మాయి ముక్కే కదండీ!”

నేను పడీపడీ నవ్వాను. మలిచేటప్పుడు నా ఎదురుగా ఉన్నది అద్దమొక్కటే మరి.

అమ్మ నావైపు తిరిగింది. అలవాటుకొద్దీ ఆమె చేతులు దణ్ణానికి సగం లేచి ఆగిపోయాయి.

ఆపరేషన్ చేయించుకోను.