మొదటి రోజు, మొదటి ఆట

"నువ్వే కదా భయ్యా, 'నీలశిల' సినిమాని శవం అన్నది?"

బాంబూఫ్లాట్ నుంచి చాథం వెళ్ళే ఫెర్రీ అప్పుడే జెట్టీ వదిలింది. రాజ్‌కిరణ్ ఫోన్లోంచి తలెత్తాడు. ఎదురుగా ఊళ్ళో 'నీలశిల' అభిమానుల సంఘం నడిపే చాందిని, ఆమె వెనక మరో ముగ్గురు. నలుగురూ 'నీలశిల' వీడియో గేములోని కొమ్ముల పక్షి బొమ్మ ఉన్న నల్ల టీషర్టులు వేసుకున్నారు. చుట్టూ నీళ్ళు. తప్పించుకునే దారి లేదు.

"శవం అనలేదు. ప్రాణం లేదన్నాను."

"రెండూ ఒకటి కాదేటి?" అన్నాడు వెనకనుంచి ఒకడు. మిగతావాళ్ళు నవ్వారు.

మూడు రోజుల కిందట జోరువానలో సినిమా విడుదలైన సాయంత్రమే రాజ్‌కిరణ్ తన చానల్లో సమీక్ష పెట్టాడు. మనం ఆడిన గేముకి బొమ్మలు మిగిల్చి ప్రాణం తీసేశారన్నాడు. ఆఫీసులో అతని పేరు గుర్తుండేవాళ్ళు తక్కువ. బజార్లో మాత్రం "రివ్యూ భయ్యా" అంటే అందరికీ తెలుసు. ఆ పిలుపు కోసమే అతను వారమంతా ఎదురుచూస్తాడు. ఈసారి వీడియో కింద అన్నీ తిట్లే. చదవడం మానలేకపోతున్నాడు. పుండు గోక్కుంటున్నట్టుంది.

"మేం మొదటి రోజు మొదటి ఆటే చూశాం. ఇక్కడే, మన హాల్లో," అంది చాందిని. "క్లైమాక్సులో ఏడ్చేశాన్నేను. నువ్వూ మొదటి ఆటే అన్నావు కదా, కనబడలేదే?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "వెనక కూర్చున్నా."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఓహో. హాలు ఫుల్లు కదా, కనబడవులే."

"అవును, ఒకటే గోల. డైలాగులు వినబడితే ఒట్టు."

"ఆఁ... గోలే గోల," అంది చాందిని, టీషర్టు అంచు సవరించుకుంటూ.

నిజానికి రాజ్‌కిరణ్ సినిమా చూడలేదు.

ఈ ద్వీపాలకి ఏదైనా ఆలస్యంగానే వస్తుంది. పేపరు విమానం దిగాలి, ఉల్లిపాయలు ఓడ దిగాలి. తన అభిప్రాయమైనా అందరికంటే ముందు దిగాలని అతని తాపత్రయం. మెయిన్‌లాండ్ వాళ్ళ సమీక్షలు నాలుగు చదివి, ట్రైలర్ చూసి, మాట్లాడేశాడు. అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు. ఆ గేము ఏళ్ళ తరబడి ఒంటరిగా ఆడాడు. మునిగిపోయిన నగరంలో దీపం పట్టుకు నడిచే ఆరణ అంటే అతనికి తనే. ఇప్పుడు తన గదిలోకి ఊరంతా చెప్పులతో వచ్చేసినట్టుంది. కోపం మాత్రం నిజమైనదే.

"సాయంత్రం డెలానీపూర్‌లో మీటింగ్ పెట్టాం," అంది చాందిని. "చివర్లో పక్షి ఆరణ చెవిలో ఒక మాట అంటుంది కదా, సినిమా అంతా ఆ మాట మీదే నిలబడింది. అందులో ప్రాణం ఎందుకు లేదో స్టేజీ ఎక్కి చెప్పు. లైవ్ పెడతాం. చెప్పలేకపోతే నీ చానల్ బంద్. మంజూరా?"

ఏ మాట అని అడగబోయి నాలుక కరుచుకున్నాడు.

"మంజూర్," అన్నాడు.

చాథంలో దిగగానే స్నేహితుడు మణికుమార్‌కి ఫోన్ చేశాడు. "ఒరే, చివర్లో ఆ పక్షి ఏమంటుందో ఎవడైనా రాశాడేమో చూడరా."

"అది నేనెప్పుడో వెతికాన్రా. సస్పెన్సు పోతుందని ఒక్కడూ రాయలేదు. అయినా నువ్వు చూశావు కదా?"

"చూశాను. గుర్తు రావడంలేదు."

"జ్వరమని చెప్పి మానెయ్ యార్."

"మానేస్తే దొరికిపోయినట్టేరా."

మిగిలింది మధ్యాహ్నం ఆట. మందుల షాపులో మాస్కు కొన్నాడు. టోపీ కళ్ళమీదికి లాక్కుని ఆటో ఎక్కాడు. దారిలో నల్ల చొక్కా కనబడినప్పుడల్లా సీట్లో కిందికి జారాడు. టికెట్ కొంటుండగా ఎవరైనా చూస్తే? రెండోసారి చూస్తున్నానని చెప్పొచ్చు. హాల్లో పక్కనే వాళ్ళలో ఒకరు కూర్చుంటే? మాట అబద్ధమాడుతుంది, కళ్ళు ఆడవు. కొత్తగా చూస్తున్నవాడి కళ్ళు ఆ చీకట్లోనైనా ఇట్టే తెలిసిపోతాయి. చూసినదాన్నే చూస్తున్నట్టు విసుగ్గా ఎలా కూర్చోవాలో ఆటోలోనే సాధన చేశాడు. డ్రైవర్ అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

హాలు ముందు ఎవరూ లేరు. అందరూ లోపలికి వెళ్ళిపోయి ఉంటారు. వెనక్కి పోదామనుకున్నాడు. కానీ "రివ్యూ భయ్యా" అని ఇక ఎవరూ పిలవని బజారు కళ్ళముందు మెదిలింది. కౌంటర్ దగ్గరికి నడిచాడు.

"ఒకటి. వెనక సీటు," అన్నాడు గొంతు మార్చి.

కౌంటర్లో ముసలాయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "నీ ఇష్టమొచ్చిన చోట కూకో బాబూ."

"రెండోసారి చూస్తున్నాన్లే," అడక్కుండానే చెప్పేశాడు రాజ్‌కిరణ్.

ముసలాయన ఇప్పుడు తలెత్తి, మాస్కునీ టోపీనీ మార్చి మార్చి చూశాడు.

రాజ్‌కిరణ్ కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు. "లోపల నల్ల టీషర్టులవాళ్ళు ఉన్నారా? అదే, మొదటి రోజు మొదటి ఆటకి వచ్చి గోల చేశారే, వాళ్ళు?"

"ఏ మొదటి ఆట బాబూ?" ముసలాయన టికెట్ చించి చేతిలో పెట్టాడు. "వానకి ఒక్క పురుగూ రాక మూడు రోజులబట్టీ బొమ్మే వెయ్యలేదు, ఈ సినిమాకి బోణీ నీదే!"