పోలిక ముప్పై ఒక్క శాతం

కొత్త ఫోన్ కొన్న మూడు రోజులకే హనుమయ్య మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. లోకంలో దొంగలు రెండే రకాలు. ఫోన్లు తయారుచేసేవాళ్లు, వాటిని అమ్మేవాళ్లు.

పాత ఫోన్‌కేం, బంగారం. టీచర్లంతా బడి ఆవరణలోనే నిలబడి, యాప్‌కి ముఖం చూపించి హాజరు వేసుకోవాలన్న రూలు వచ్చినప్పుడు మండలమంతా గగ్గోలు పెట్టింది. మాస్టారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. హాజరు ఫోన్ పని, దాని పని అది చూసుకుంటుంది. చూసుకుంది కూడా. రెండేళ్లపాటు రోజూ ఎనిమిదీ యాభైకల్లా హాజరు పడింది. పోలిక తొంభై ఎనిమిది శాతానికి తగ్గలేదు.

అలాంటి ఫోన్‌ని పోయినవారం స్నిగ్ధకి ఇచ్చేశారు. తెలిసినవాళ్ల అమ్మాయి. విజయవాడలో ఉద్యోగం వచ్చి వెళ్తుంటే వట్టి చేతులతో పంపడం ఏం బాగుంటుందని. మాస్టారిది ఎముకలేని చెయ్యి మరి.

తిరువూరు బస్టాండు దగ్గర నవీన్ కుమార్ షాపులో కొత్తది కొన్నారు. సోమవారం పొద్దున్నే బండి మీద పెనుగొలను దాటి, లోపలికున్న తన బడికి వెళ్లారు. అది ఏకోపాధ్యాయ పాఠశాల. కాగితాల ప్రకారం హెడ్మాస్టరూ ఆయనే, పంతులూ ఆయనే.

గేటు దగ్గరే నిలబడి ఫోన్ ఎత్తారు. తెర మీద నిలువునా పచ్చ గీత. వెనకాల అట్టు పోసుకునేంత వేడి. కెమెరాలో ఆయన ముఖం మంచులో నిలబడ్డ గేదెలా ఉంది.

‘ముఖం సరిపోలలేదు. పోలిక పంతొమ్మిది శాతం’ అని చూపించింది యాప్.

తొమ్మిదయింది. మాస్టారు బండి తిప్పేశారు. హాజరు పడని రోజు పాఠం చెప్పడం దండగ కదా.

"ఏంటయ్యా ఇది? డబ్బులు తీసుకుని పెనం అంటగట్టావా?" అని షాపులో నవీన్ కుమార్ మీద విరుచుకుపడ్డారు.

"ఒక్కో పీసు అలా వస్తుందండి. మార్చేస్తాను సార్" అన్నాడతను.

మార్చాడు. మంగళవారం రెండో ఫోన్‌తో మళ్లీ గేటు దగ్గరికి. ఈసారి గీత లేదు, వేడి లేదు. కాకపోతే ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటోంది. కుస్తీ పట్టి పట్టి యాప్ తెరిస్తే, పోలిక ఇరవై రెండు.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. "ఈ హాజరు కనిపెట్టినవాడికి పనీపాటా లేదు. దాన్ని పట్టుకుని కూర్చున్న ఆ ఎం.ఇ.ఓ.కి అంతకన్నా లేదు!" అంటూ ఫోన్‌నే నిలదీశారు.

ఫోన్‌కి మాత్రం పనుంది. అది అప్పటికే తనంతట తాను ఎం.ఇ.ఓ. శారదాంబకి కాల్ కలిపేసింది.

"విన్నానండి" అంది ఆవిడ చల్లగా. "రెండు రోజులుగా మీ హాజరు లేదు. రేపు కాస్త పని కల్పించుకుని నేనే వస్తాను. తప్పు ఫోన్‌దైతే సరే. కాకపోతే మెమోతో పోదు మాస్టారూ, సస్పెన్షనే."

మాస్టారు వేళ్ల మీద లెక్కేసుకున్నారు. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలే ఉన్నాయి. ఇప్పుడు సస్పెన్షనంటే పెన్షన్ కాగితాలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోతాయి.

ఆ మధ్యాహ్నం నవీన్ కుమార్ ఫోన్‌ని తిప్పి తిప్పి చూశాడు. తాను ఉచితంగా అంటించిన గాజు పలకని పీకేశాడు. టచ్ దారికొచ్చింది.

"కెమెరా బ్రహ్మాండంగా ఉందండి. మరి ముఖంలోనే ఏమన్నా..." అని నసిగి, "ఓసారి మీసం తీసి చూడండి సార్. నీడ పడుతుందేమో" అన్నాడు.

ముప్పై ఏళ్లనాటి మీసం. పెళ్లిచూపుల్లో కూడా తియ్యమంటే తియ్యనన్న మీసం. పెన్షన్ ముందు మీసమెంత? సాయంత్రానికి తీయించేశారు.

బుధవారం ఎనిమిదిన్నరకే శారదాంబ బడి ఆవరణలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. పిల్లలు చుట్టూ మూగారు. మాస్టారు బోడి మూతి తుడుచుకుని, వెలుతురు చూసుకుని, ఫోన్ ఎత్తారు.

‘ముఖం సరిపోలలేదు. పోలిక ముప్పై ఒక్క శాతం.’

"చూశారా మేడం!" అని ఎగిరినంత పనిచేశారు మాస్టారు. "మీసం తీస్తే తొమ్మిది శాతం పెరిగింది. అంటే కెమెరాలోనే లోపం. ముప్పై మూడేళ్ల సర్వీసండీ నాది, నా ముఖాన్నే గుర్తుపట్టదా ఇది!"

"ఏదీ, నా ఫోన్‌లో చూద్దాం" అంది శారదాంబ. ఆయన ఐడీ కొట్టి, తన ఫోన్ ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

ముప్పై ఒకటి.

"మీదీ అదే కంపెనీయా మేడం?" అన్నారు మాస్టారు జాలిగా. "అంతా ఒకే తానులో గుడ్డలండీ. నిజాయితీ అన్నది లేకుండా పోయింది లోకంలో."

శారదాంబకీ అనుమానం వచ్చింది. ఇంతమంది టీచర్లలో ఈయనొక్కరి ముఖమే ఎందుకిలా అని రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూస్తోంది. కంపెనీకి తానే ఫిర్యాదు రాయాలా అని కూడా అనుకుంది.

"దానికి మా స్నిగ్ధ టీచర్ మొహం పెడితే టక్కున పడుద్దండీ," అంది మూడో తరగతి గ్లోరి ఆవిడ కొంగు పట్టుకుని లాగుతూ, "ఇంతకీ మూడ్రోజుల్నుంచీ మా గేటు దగ్గర ఫోను పట్టుకుని నిలబడుతున్న ఈయనెవరండీ?"